కొంగక్క

సులోచనమ్మ కన్నడసీమలోని చింతామణి ఊరికి కోడలిగా వచ్చిన కొత్తల్లో పక్క వాటాలోకి ఒక అరవ కుటుంబం దిగింది. మగమనిషి నూనె మిల్లులో మెకానిక్కు. భార్య పేరు తంగమ్మాళ్. పొడుగ్గా, సన్నగా ఉండేది. మెడ చాచి, అడుగు తీసి అడుగు వేసినట్టు నడిచేది.

వీధి కొళాయి దగ్గర కన్నడం వాళ్ళు ఆమెను చూసి తమలో తాము “కొంగ” అనుకోవడం సులోచనమ్మ చెవిన పడింది. ఎంత బాగా పోల్చారు అనుకుంది. వరిమడిలో ఒంటికాలి మీద నిలబడే తెల్లటి పక్షి కళ్ళ ముందు మెదిలింది. ఆ పక్షిని కన్నడంలో కొక్కరె అంటారని ఆమెకు తెలుసు. తెలిసినా రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు. నచ్చిన అర్థం ఒకటి దొరికాక మనసు ఇంకొకటి వెతకదు.

మర్నాడు పిట్టగోడ మీదుగా పిలిచింది, “కొంగక్కా” అని. తంగమ్మాళ్ కొంచెం ఆగి వచ్చింది. కొత్తచోటు కదా, సిగ్గేమో అనుకుంది సులోచనమ్మ.

తర్వాత ఆ గోడే వాళ్ళ లోకం. చింతపండు గింజ తీసినా, పచ్చి శనక్కాయలు ఉడకేసినా అక్కడే. సులోచనమ్మ జంగమకోటెలోని పుట్టింటి ముచ్చట్లు చెబుతుంటే, తంగమ్మాళ్ సగం అర్థమై సగం కాక, సరిగ్గా నవ్వాల్సిన చోటే నవ్వేది. కడుపులో నిలవకుండా పోయిన బిడ్డ సంగతి సులోచనమ్మ ఈ లోకంలో చెప్పుకున్నది ఆమె ఒక్కదానికే.

కొన్నేళ్ళకు మిల్లు యజమాని బాగేపల్లిలో ఇంకో మిల్లు పెట్టి మెకానిక్కును అక్కడికి పంపాడు. పక్క వాటాకు తాళం పడింది.

ఆ వేసవిలో ఒక పెళ్ళికని సులోచనమ్మ భర్త కేశవమూర్తితో చిక్కబళ్ళాపురం వెళ్ళింది. బస్టాండులో కండక్టరు ఒక అరవ కూలీని “ఏయ్ కొంగా, ఇళియో కెళగె” అని కసిరి దింపేశాడు. కూలీ పొట్టిగా, బొద్దుగా ఉన్నాడు. ఇతన్ని పట్టుకుని కొంగ అంటాడేమని ఆమె భర్తను అడిగింది.

కేశవమూర్తి నవ్వాడు. “పక్షి గాదే. అరవోళ్ళను కన్నడమోళ్ళు ఎగతాళికి అట్లంటారు. వాళ్ళది కొంగునాడంట, దాన్నించి వచ్చిండాది. మనం అరవోడు అనమా, అట్లే.”

పెళ్ళిలో కూర్చుందే గానీ ఆమె మనసంతా ఆ పిట్టగోడ దగ్గరే ఉంది. గోడ మీదుగా పిలిచిన పిలుపులన్నీ వెనక్కి వచ్చాయి. ప్రతి పిలుపు తర్వాతా తంగమ్మాళ్ కొంచెం ఆగినట్టే అనిపించింది. నిజంగా ఆగేదా, లేక తన మనసే ఇప్పుడు అక్కడ ఆ కాస్త మౌనాన్ని చొప్పిస్తోందా, తేలలేదు. అన్నేళ్ళూ ఆ మనిషి అవమానం మింగుతూ తనతో నవ్విందా? అది తెలుసుకోకుండా ఉండలేననిపించింది.

ఊరికి తిరిగొచ్చాక, బాగేపల్లి పక్కన పాతపాళ్యలో చుట్టాలను చూసొస్తానని అత్తతో చెప్పి బాగేపల్లి బస్సెక్కింది.

తంగమ్మాళ్ పిండి రుబ్బుతోంది. చూసి ముఖమంతా నవ్వయింది. సులోచనమ్మ కూర్చోకుండానే చెప్పేసింది. “అక్కా, నేను పక్షి అనుకొని పిలిచినా. అది తిట్టని నాకు తెలీదు.”

పొత్రం ఆగింది. “మొదటి దినం తలుపు వేసుకొని ఏడ్చినాను,” అంది తంగమ్మాళ్. “ఇంత చిన్న పిల్ల, నవ్వుతా తిడతాదే అని.”

“మళ్ళా ఎట్ల పలికితివి?”

“ఒక దినం మీ అత్తతో చెప్తా ఉంటివి. కొంగ మాదిరి ఎంత అందంగా నడుస్తాదో అని. చేత్తో నా మెడ చూపిస్తివి. అప్పుడు తెలిసింది, ఈ పిల్లకు ఏమీ తెలీదని.”

“నాకు చెప్పకూడదా?”

“చెప్తే పిలవవు కదా.”

సులోచనమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. తంగమ్మాళ్ ఆమె మోకాలి మీద తట్టి, తమ ఇంట్లో కూడా ఆమెకొక పేరు ఉండేదని చెప్పింది. వడుగచ్చి అట. వడక్కు అంటే ఉత్తరం, ఆ దిక్కు నుంచి వచ్చిన తెలుగుదానా అని. అదీ అంత మర్యాద మాట కాదట. ఇద్దరూ నవ్వారు.

కాఫీ తాగారు. చింతామణిలోని పాత వీధి సంగతులు మాట్లాడుకున్నారు. ఆ సేపంతా సులోచనమ్మ పిలుపు అవసరం లేకుండా మాటలు కూర్చుకుంటోంది. తంగమ్మాళ్ అది కనిపెట్టింది.

“పిలువు,” అంది.

“అక్కా.”

“ముందరిది?”

సులోచనమ్మ ప్రయత్నించింది. ఇన్నేళ్ళూ పక్షిగా ఉన్న మాటలో ఇప్పుడు బస్టాండు కూలీ కనబడ్డాడు.

“అది రాదక్కా ఇంక.”

తంగమ్మాళ్ తల ఊపింది. కాస్త నీళ్ళు చల్లి, మళ్ళీ పొత్రం పట్టుకుంది.