బొమ్మ తలల బడి

ఊళ్లోని పెద్ద బ్యూటీ స్కూల్లో చేరతానని చెల్లెలు పట్టుబట్టి నెల దాటింది. నిలువెత్తు అద్దాలు, నూటికి నూరుమందికీ ఉద్యోగాలని గోడమీద పెద్ద అక్షరాలు, వాటి కింద నవ్వుతున్న అమ్మాయిల ఫొటోలు చూసి మనసు పారేసుకుంది. ఫీజు కట్టాల్సింది మాత్రం అక్క. ఆవిడ బస్సు కండక్టరు; చిల్లర నాణేన్ని కూడా తిప్పి చూస్తేగాని సంచిలో వేసుకోని మనిషి.

"ముందు వీళ్ల పనితనం చూడాలి. నా తల ఇస్తా," అంది అక్క.

స్కూలు కింది అంతస్తులో విద్యార్థినులు తక్కువ ధరకు జుట్టు సింగారించే గది ఉంది. అక్క సెలవు పెట్టి, చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్లి కుర్చీలో కూర్చుంది. జుట్టు సాఫీ చేసే క్రీమ్ రాయడానికి ఒక విద్యార్థిని వచ్చింది. ఏడాది కోర్సు ఇంకో నెలలో అయిపోతుందట. అయినా డబ్బా మూత తియ్యడానికే తడబడింది. టీచరు ఒకసారి తొంగిచూసి, కొత్తవాళ్లకు స్కూలు చూపించాలంటూ పైకి వెళ్లిపోయింది.

ఐదు నిమిషాలకు అక్క మాడు చురుక్కుమంది. పది నిమిషాలకు నిప్పులు పోసినట్టయింది.

"అమ్మాయ్, మండుతోంది."

"కొంచెం మండుతుందక్కా... అనుకుంటా."

"అనుకుంటావా?"

"మేడమ్‌ని అడిగొస్తా!" అంటూ ఆ అమ్మాయి మెట్లవైపు పరుగెత్తింది.

అక్క కుర్చీ చేతులు బిగించి పట్టుకుంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. చెల్లెలు క్రీమ్ డబ్బా తిప్పి చదివింది. ముందుగా చెవి వెనక కాస్త రాసి చూడాలట. మంట పుడితే వెంటనే కడిగేయాలట. చెవి వెనక ఎవరూ రాసి చూడలేదు. మెట్లమీద అడుగుల చప్పుడూ లేదు. ఇక ఆగలేక చెల్లెలు అక్క రెక్క పట్టుకుని సింకు దగ్గరికి లాక్కెళ్లి, తల వంచి చన్నీళ్లు వదిలింది.

విద్యార్థిని ఒంటరిగా తిరిగొచ్చింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మేడమ్ వస్తానన్నారు. తప్పయిపోయిందక్కా! మనిషి తలమీద చెయ్యడం నాకిదే మొదటిసారి. ఇన్నాళ్లూ బొమ్మ తలలే."

"పదకొండు నెలలూ బొమ్మలేనా?" చెల్లెలు నోరెళ్లబెట్టింది. "మరి గోడమీద ఆ ఉద్యోగాలో?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "మూడో ఫొటోలో ఉన్నామె పార్లర్లోనే ఉంది. ఫోన్లు ఎత్తుతుంది, నేల ఊడుస్తుంది. అదీ ఉద్యోగమేగా."

అప్పుడు దిగింది టీచరు, చేతిలో దరఖాస్తు పట్టుకుని. "చిన్న మంటే, తగ్గిపోతుంది. ఇవాళే చేరితే ఫీజులో పదోవంతు తగ్గిస్తాం."

"నా మాడుమీద తోలు తగ్గించారు, చాలు," అంది అక్క, తువ్వాలు చుట్టుకుంటూ.

వీధిలోకి రాగానే చెల్లెలు భోరుమంది. "అంతా నా వల్లే."

"నువ్వు కడిగావు కాబట్టే ఈ నాలుగు వెంట్రుకలైనా మిగిలాయి. నడువు."

తర్వాతి వారం ఇంకో చిన్న స్కూలు చూశారు. ఫీజు మూడోవంతే, అద్దాలకు మాత్రం మచ్చలు. మూడో నెల నుంచే మనుషుల తలలమీద చేయిస్తామనీ, తను పక్కన లేకుండా ఎవరూ డబ్బా మూత తీయకూడదనీ అక్కడి టీచరమ్మ చెప్పింది. చదివి వెళ్లినవాళ్ల నంబర్లు అడిగితే రిజిస్టరే ముందు పెట్టింది.

"మీ ఇష్టం వచ్చినవాళ్లకి ఫోన్ చెయ్యండి."

చెల్లెలు ఐదుగురికి చేసింది. ముగ్గురు పార్లర్లలో పనిచేస్తున్నారు, ఒకామె ఇంట్లోనే పార్లర్ పెట్టుకుంది. ఐదో ఆమె మానేసిందట. "రోజంతా నిలబడితే నా నడుం పట్టేస్తోంది. పని మాత్రం బాగా నేర్పారు," అంది.

సోమవారం చెల్లెలు అక్కడే చేరింది. అక్క మాడు మానడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. అన్నాళ్లూ డ్యూటీలో తల కనబడకుండా పెట్టుకున్న టోపీ తియ్యలేదు.