తొమ్మిదో వరుసలో చుక్క

చలపతి నన్ను మొదటిసారి "ఆంటీ" అని పిలిచిన రోజే వాడెంతటివాడో నాకు అర్థమైపోయింది. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు, వాడికి ఇరవై తొమ్మిది. ఆఫీసులో పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషిని చుట్టరికం కలిపి పిలిచేవాడు పనిలో ఏం ఒరగబెడతాడు? పేరుంది కదా, శ్యామసుందరి గారూ అని పిలవొచ్చు కదా అని మొహం మీదే అడిగాను. "సారీ ఆంటీ" అన్నాడు.

వాడి చదువు సంగతి చెప్పాలి. అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో నాలుగు నెలల కోర్సు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ పడకేస్తాయని, తను వెళ్ళి చేయి వేస్తే గానీ లేవవని ఎవరో నమ్మించారు. కడప నుంచి బయల్దేరి మెల్‌బోర్న్‌లో దిగేసరికి తొంభై తొమ్మిది ఆగస్టు. అప్పటికే ఆ పని చేయాల్సినవాళ్ళు చేసేసి, బోనసులు పుచ్చుకుని, సెలవులకు కూడా వెళ్ళిపోయారు. పెళ్ళయిపోయాక వచ్చిన పురోహితుడిలా రెండు నెలలు తిరిగి తిరిగి, చివరికి ఎవరి సిఫార్సుతోనో మా గ్రానైట్ దుకాణంలో ఐటీ మనిషిగా తేలాడు. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. మెడలో మాత్రం ఒక కార్డు వేలాడేసుకుని తిరిగేవాడు, అందులో వాడి ఫొటో తప్ప ఏమీ లేదు.

మా యజమాని నిస్సార్ అహ్మద్ గారిది హైదరాబాద్. చీమకుర్తి నల్లరాయిని ఓడల్లో తెప్పించి మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో పెట్టి, ఇక్కడివాళ్ళ వంటింటి గట్లకు అమ్ముతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్లే. ఒంగోలు క్వారీకి, చెన్నై రేవుకి, సిడ్నీకి, పెర్త్‌కి. ఆ ఫోన్లన్నీ కలిపేది నేను. అప్పట్లో ఫోన్ కంపెనీలు వీధికొకటి పుట్టాయి. నంబరుకి ముందు ఫలానా నాలుగంకెల కోడ్ నొక్కితే కాల్ ఆ కంపెనీ మీదుగా పోతుంది. ఇండియాకి ఒకడు చవక, పెర్త్‌కి ఇంకొకడు, సాయంత్రం ఏడు దాటితే మూడోవాడు. అవన్నీ నాకు కంఠతా వచ్చు. తెనాలి ట్రంక్ ఎక్స్‌ఛేంజ్‌లో పదకొండేళ్ళు చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్నదాన్ని, నాకు ఇదొక లెక్కా?

ఇంతలో ఎవడో సేల్స్‌మన్ వచ్చి మా ఫోన్లన్నిటినీ బయటి లైన్లకు కలిపే పాత డబ్బా జనవరి ఒకటిన చచ్చిపోతుందని సార్‌ని బెదరగొట్టి కొత్తది అంటగట్టాడు. ఈ కొత్తది తనంతట తనే చవక దారి వెతుక్కుంటుందట. నొక్కిన నంబరు మొదటి అంకెలు ఫలానావి అయితే ఫలానా కోడ్ తగిలించు అని ఒక పట్టిక రాసి అందులోకి ఎక్కిస్తే చాలు. దానికి లీస్ట్ కాస్ట్ రూటింగ్ అని పేరు. బిగించడానికి వచ్చినవాడు డబ్బాని గోడకి తగిలించి, దిండంత పుస్తకం ఇచ్చి పోయాడు. పట్టిక రాసే పని చలపతికి అప్పజెప్పారు.

ఆ సాయంత్రమే సార్ నన్ను పిలిచారు. మంచి మనిషి, చెడ్డ మాట కూడా మెత్తగానే చెబుతారు. "ఈ డబ్బా మంచిగ పనిచేస్తే ఎవరి ఫోన్ వాళ్ళే చేసుకుంటరు కదమ్మా. నీకు వారంల రెండు రోజులు పనుంటదేమో. వచ్చే గురువారం చలపతి అందరికీ చూపిస్తడు. అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు.

మా ఆయన రామానుజం సివిల్ ఇంజనీరు. ఆ డిగ్రీ ఇక్కడ చెల్లుతుందో లేదో తేల్చే కాయితం కోసం ఏడాదిగా పోస్టు డబ్బా వైపు చూస్తున్నాడు. ఇల్లు నడిచేది నా జీతం మీదే. వారానికి రెండు రోజుల జీతంతో క్లేటన్‌లో అద్దె కూడా రాదు. అంటే నా పొట్ట కొట్టడానికి వచ్చింది ఆ గోడ మీది డబ్బా కాదు, మెడలో కార్డు వేసుకున్న ఈ వెధవ.

ఇక వాడి వైభవం చూడాలి. ఆ పుస్తకం చంకలో పెట్టుకుని దుకాణమంతా తిరిగేవాడు. ప్రతి ముక్కకీ డయల్ ప్లాన్, ఆర్కిటెక్చర్. రాతిపలకలు కోసేవాళ్ళకి కూడా ఆర్కిటెక్చర్ చెప్పాడు, వాళ్ళు పాపం వంటింటి గట్టు గురించనుకుని కొలతలడిగారు. ఇంత చేసీ ఏ కంపెనీ ఎక్కడికి చవకో వాడికి తెలియదు. ఆ ముక్క నన్నే అడగాలి. నోట్‌బుక్కు పట్టుకుని వచ్చాడు. నా ఒళ్ళు మండిపోయింది. నా ఇల్లు నా ఒక్కదాని జీతం మీద నడుస్తోంది, దాన్ని ఆపడానికి నేనే నీకు పాఠం చెప్పాలా అని కడిగేశాను. వాడు నోట్‌బుక్కు మూశాడు. మీ పనికేం కాదు ఆంటీ, నేను సార్‌తో మాట్లాడతాను అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తన ఉద్యోగమే గాలిలో ఉన్నవాడు నా తరఫున మాట్లాడతాడట. సార్ మాట కాదనలేక కోడ్‌లు మాత్రం చెప్పి పంపాను.

మూడు రోజులు కుస్తీ పట్టి పట్టిక ఎక్కించాడు. అదయ్యాక ప్రతి ఫోన్ మీదా ఒక ఎర్ర చీటీ అంటించుకుంటూ వచ్చాడు. ప్రమాదమొస్తే బయటి లైను కోసం సున్నా నొక్కి, తర్వాత మూడు సున్నాలు నొక్కండి అని. అంబులెన్సుకైనా, పోలీసుకైనా, ఫైరింజనుకైనా ఈ దేశంలో నంబరు అదే. చీటీలు వంకర లేకుండా స్కేలు పెట్టి మరీ అంటించాడు.

శుక్రవారం మధ్యాహ్నం పట్టిక అచ్చు తీసి నా బల్ల మీద పెట్టాడు.

"ఒకసారి చూస్తారా ఆంటీ? మీరు ఎక్స్‌ఛేంజ్‌లో పని చేసినారు కదా. నాకు ఫోన్ల సబ్జెక్ట్ నిజంగా తెలీదు, మేనేజ్ చేస్తా ఉన్నా అంతే" అన్నాడు.

పద్నాలుగు వరుసలు. పెన్సిల్ పట్టుకుని పైనుంచి దిగాను. సిడ్నీ సరే, పెర్త్ సరే, మొబైళ్ళు సరే. తొమ్మిదో వరుస దగ్గర చేయి ఆగింది. విదేశాలు అని రాసి, దాని ఎదురుగా రెండు సున్నాలు పెట్టాడు.

మన దేశంలో విదేశీ కాల్‌కి రెండు సున్నాలతో మొదలుపెడతాం. ఇక్కడ రెండు సున్నాలు, రెండు ఒకట్లు కలిపి నాలుగంకెలు. వీడు కడప అలవాటు కొద్దీ రెండు సున్నాలతో ఆపేశాడు. దానివల్ల ఇండియాకి ఇబ్బంది ఏమీ రాదు, నాలుగంకెల్లో మొదటి రెండూ అవే కాబట్టి డబ్బా సరిగ్గానే పట్టుకుంటుంది. కానీ రెండు సున్నాలతో మొదలయ్యే నంబరు ఇంకొకటి ఉంది. మూడు సున్నాల నంబరు. ఎవరైనా అది నొక్కితే ఈ డబ్బా దాన్ని కూడా విదేశమనుకుని, చవక కంపెనీ కోడ్ తగిలించి వాళ్ళకి పంపుతుంది. వాళ్ళు అలాంటి నంబరు లేదంటారు. వీడు స్కేలు పెట్టి అంటించిన ఎర్ర చీటీలన్నీ దండగ.

తప్పు కనబడితే పక్కన చుక్క పెట్టడం నాకు ట్రంక్ కాల్ టికెట్లు రాసిన నాటి అలవాటు. తెలియకుండానే పెట్టేశాను. తర్వాత తలెత్తి, అంతా బాగానే ఉంది అని కాయితం తిరిగి ఇచ్చాను.

ఎందుకిచ్చానంటే, గురువారం కోసం. అందరి ముందూ వీడు డబ్బా గొప్పలు చెప్పడం పూర్తయ్యాక, నేను నెమ్మదిగా లేచి, సార్, ఆ మూడు సున్నాలు ఎటు పోతాయో ఒకసారి అడగండి అంటాను. అంతటితో వీడి గాలి పోతుంది. ఫోన్లంటే తెలిసిన మనిషి ఒకరు రోజూ ఉండాలని సార్‌కే అర్థమవుతుంది. శనివారం, ఆదివారం వంట చేస్తూ ఆ వాక్యాన్ని నాలుగు రకాలుగా అనుకుని చూసుకున్నాను. మధ్యలో ఎవరికైనా అవసరం పడితేనో అన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. రాళ్ళ దుకాణంలో ఎవరికేం అవుతుందిలే అని పప్పులో తాలింపు వేసుకున్నాను.

బుధవారం పదకొండు గంటలకు నిస్సార్ గారు షోరూములో ఒక జంటకి పలక చూపిస్తూ మాట మధ్యలో ఆగిపోయారు. చేయి ఛాతీ మీద పెట్టుకుని, పలకకి ఆనుకుని, అలాగే నేల మీదికి జారిపోయారు. నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. ఆయన మొబైల్ కారులో ఉంది. ఆ వచ్చినవాళ్ళ దగ్గరా, మా దగ్గరా మొబైల్ లేదు. చలపతి ఒక్క దూకు దూకి కౌంటర్ మీది ఫోన్ అందుకున్నాడు. నొక్కాడు, విన్నాడు, పెట్టేశాడు, మళ్ళీ నొక్కాడు. మీరు నొక్కిన నంబరు సరైనది కాదు అని ఒక ఆడగొంతు తీరిగ్గా చెప్పడం నాక్కూడా వినిపించింది.

నా బల్ల అక్కడికి మూడడుగులు. దాని మీద నా ఫోన్ ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. వెనక గదిలోకి పరిగెత్తాను. అక్కడ ఫ్యాక్స్ మిషను ఉంది, దాని తీగ వీధిలోంచి నేరుగా వస్తుంది, గోడ మీది డబ్బాతో దానికి సంబంధం లేదు. మిషను చెన్నైకి సరుకు కాయితాలు పంపుతోంది. ఇంకా ఏడు పేజీలున్నాయి. ఆపు మీట నొక్కినా ఆగలేదు. కరెంటు ప్లగ్గు పీకేసి, పక్కనున్న రిసీవరు తీసి మూడు సున్నాలు నొక్కాను. చెప్పాల్సినవన్నీ చెప్పాను, వీధి పేరు రెండుసార్లు చెప్పాను. తిరిగి చూస్తే గుమ్మంలో చలపతి నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు, ఫ్యాక్స్‌ని చూశాడు, సార్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

తొమ్మిది నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. గుండెలో అడ్డు తీశారు, బతికారు. ఆస్పత్రిలో ఆయన భార్య సయీదా గారు నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. ఫోన్ పనిచేయకపోతే ఫ్యాక్స్ ఉందని అంత తొందరలో ఎట్ల గుర్తొచ్చిందమ్మా నీకు అని అడిగారు. పాత అలవాటండీ అన్నాను. ఆమె ఏడుస్తూ నా నుదుటి మీద ముద్దు పెట్టారు.

ఆ మధ్యాహ్నమే చలపతి తొమ్మిదో వరుస దిద్ది, మూడు సున్నాలకి ఏ కోడూ తగలకుండా వేరే వరుస రాశాడు. మూడు వారాల తర్వాత సార్ తిరిగొచ్చి మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. తప్పు నాదే సార్, ఇండియా లెక్కన రెండు సున్నాలు పెట్టేసినాను, సరిచూసుకోలేదు అని వాడే చెప్పాడు. నేను పక్కనే నిలబడి నా పేరు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. ఆంటీకి చూపించినా సార్, బాగుందన్నారు అంటే చాలు, నేనూ వాడితో పాటే వీధిలో ఉంటాను. వాడు అనలేదు. చేతిలో అంత ఆధారం ఉండి వాడుకోవడం చేతకాని దద్దమ్మ అని ఆ క్షణంలో కూడా అనుకున్నాను. సార్ వాడికి నెల జీతమిచ్చి పొమ్మన్నారు. నావైపు తిరిగి, నువ్వు రోజూ రావాలమ్మా, డబ్బా ఉన్నా నువ్వుండాలె అన్నారు.

సాయంత్రం వాడు సామాను ఒక సంచీలో వేసుకుని నా బల్ల దగ్గర ఆగాడు. మెడలో కార్డు లేదు. మడత పెట్టిన కాయితం ఒకటి తీసి నా ముందు విప్పాడు. అదే పట్టిక. పద్నాలుగు వరుసల్లో ఒక్క తొమ్మిదో దాని పక్కనే పెన్సిల్ చుక్క.

"ఆ పొద్దు నేను ఫోన్ ఎత్తినాను. మీరు ఎత్తలేదు. ఫ్యాక్స్ కాడికే పోయినారు" అన్నాడు.

గొంతులో కోపం లేదు. ఉంటే నేను ఏదో ఒకటి అనగలిగేదాన్ని.

"సార్‌కి చెప్పలేదులెండి. మీ ఇంట్లో మీ ఒక్కరి జీతమే అని మీరే అన్నారు కదా."

కాయితం మళ్ళీ మడిచి, నా పెన్సిళ్ళ డబ్బా కింద పెట్టి, సంచీ భుజానికి వేసుకున్నాడు. వస్తాను ఆంటీ అన్నాడు. ఆ పిలుపుకి నాకు కోపం రాలేదు.