తీసేశామని చెప్పాలి

నగర గ్రంథాలయంలో ఆన్‌లైన్ ఆర్కైవ్ చూసుకునే ఆవిడని అందరూ కామాక్క అంటారు. ఫైలు వివరణలో కామా ఉండాల్సిన చోట చుక్క కనిపిస్తే వెనక్కి పంపేస్తుందని ఆ పేరు. పెట్టింది పరాయివాళ్లు కాదు, స్వయానా ఆమె భర్త అన్నగారు. నగరంలోకెల్లా పెద్ద ఆర్కైవ్‌కి ఆయనే అధిపతి.

పాత పటాలు, బహిరంగ సభల రికార్డింగులు, వీధుల ఫొటోలు. ఎవరైనా ఇంట్లో కూర్చుని వెతుక్కుని, ఎవరి అనుమతీ అడక్కుండా దించుకోగల ఫైళ్లు. అలాంటి ఆర్కైవ్‌లు నగరంలో ఎనిమిదున్నాయి, ఎవరి గోల వారిది. ఒకరు తేదీ ముందు రాస్తే ఇంకొకరు సంవత్సరం ముందు రాస్తారు. ఒకే వంతెనకి ఒక్కోచోట ఒక్కో పేరు. రేడియో వాళ్ల దగ్గరైతే ‘చివరిది’, ‘అసలు చివరిది’, ‘ఇదే చివరిది’ అని వరసగా ఫైళ్లుండేవి. తెరిచి వింటే అన్నిట్లోనూ ఒకటే నాటకం. అందరూ కలిసి ఒక నియమావళి రాసుకుంటే, ఒక్కచోట వెతికితే అన్నీ దొరుకుతాయని బావగారికి తోచింది. కామాక్క అందరికంటే ముందు సరేనంది. తేదీ ఎలా రాయాలన్న దాని మీద ఒక పూటంతా వాదించి, గొంతు బొంగురుపోయి, సంతోషంగా ఇంటికొచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక దర్జీ ఆవిడ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. భుజాన కొలత టేపు ఇంకా అలాగే వేలాడుతోంది. ఆమె కొట్టున్న వీధిని రోడ్డు వెడల్పు కోసం కొట్టేస్తున్నారు. కొట్లు పోయినవాళ్లందరికీ కొత్త భవనంలో చోటిస్తామని రోడ్ల శాఖ అధికారి బహిరంగ విచారణలో మైకులో చెప్పాడు. ఆ రికార్డింగు బావగారి ఆర్కైవ్‌లో ఉండేది. తీరా ఆఫీసుకెళ్లి వినిపించబోతే పేజీయే లేదు.

“అలాంటి రికార్డింగు ఎప్పుడూ లేదన్నారమ్మా. కలగన్నావేమో అని నవ్వారు. నేను విన్నాను, మా అమ్మాయీ విన్నది. ఇద్దరికీ ఒకే కల వస్తుందా?”

కామాక్క వెతికింది. ఆనవాలు కూడా లేదు. అక్కడికక్కడే బావగారికి ఫోన్ చేసింది.

“ఓ, అదా? రోడ్ల శాఖ అభ్యంతరం చెప్పింది, తీసేశాం” అన్నాడాయన.

“మరి తీసేశామని ఎందుకు పెట్టలేదు?”

“పేజీయే లేనప్పుడు ఎక్కడ పెట్టను అమ్మాయ్?”

“లేదనడం వేరు, తీసేశామనడం వేరు బావగారూ. ఇక్కడ ఒకావిడ తనకి మతి పోయిందేమో అనుకుంటోంది.”

“సమావేశంలో మాట్లాడుకుందాంలే.”

కామాక్క ఫోన్ పెట్టేసి దర్జీ వైపు తిరిగింది. “ఉండేది. తీసేశారు. మీ మతికేం కాలేదు.”

ఆవిడ కుర్చీలో కూలబడింది. “ఈ మాట ఆఫీసుకొచ్చి చెప్తారా?”

“పదండి.”

వెళ్లి చెప్పింది. అధికారి ముఖం మాడ్చుకుని ఆమె వాంగ్మూలం రాసుకున్నాడు. కామాక్క గ్రంథాలయం మెట్లెక్కేలోపే అక్కడి తన పైఅధికారికి ఫోన్ రానే వచ్చింది. మన పని ఫైళ్లు పెట్టడమే గానీ జనం వెంట ఆఫీసులు తిరగడం కాదని ఆయన క్లాసు పీకాడు. కామాక్క విన్నది, తల మాత్రం ఊపలేదు.

తరువాతి సమావేశంలో ముసాయిదా చదువుతుండగా ఒక నియమం దగ్గర ఆమె చెయ్యెత్తింది. ‘ఫైలును తొలగించినప్పుడు దాని పేజీని కూడా పూర్తిగా తొలగించాలి.’

“ఇది తిరగరాయాలి” అంది. “ఫైలు తీసేయండి, తప్పదంటే. దాని వివరణ మాత్రం ఉండాలి. ఎప్పుడు తీశాం, ఎవరడిగితే తీశాం, ఎందుకు తీశాం, ఒక్క వాక్యం.”

బావగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఒకడొచ్చి, అయ్యా ఈ ఫొటోతో నా పరువు పోతోంది, తీసేయండి అంటాడు. తీసేసి, ఇక్కడ ఫలానావాడి పరువు పోయే ఫొటో ఉండేదని బోర్డు పెడతావా?”

అందరూ నవ్వారు. అందులో న్యాయముందని కామాక్కకీ తెలుసు. కాస్త తడబడింది. “దానికి దారి ఆలోచిద్దాం. దానికోసమని అన్నిటినీ మాయం చేసేస్తామా?”

“నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లు.”

“కుందేటికి నాలుగే బావగారూ. ఒకటి మీరు తీసేసి, తీసినట్టు రాయలేదు.”

రేడియో ఆయన తాగుతున్న టీ ముక్కులోకెక్కింది. అయినా ఓటింగు పెడితే ఆమె వైపు ఆమె చెయ్యొక్కటే లేచింది. సంతకం పెట్టనివాళ్ల ఫైళ్లు ఉమ్మడి వెతుకులాటలో కనిపించవని బావగారు గుర్తుచేశాడు. ఆమె కలం సంచిలో వేసుకుని లేచింది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. ఇంట్లో గిన్నెలు తుడుస్తూ సంగతంతా విని నిట్టూర్చాడు. “అన్నయ్యతో ఎందుకు చెప్పు? ఒక సంతకం పడేస్తే పోయేదిగా.”

“నువ్వు లిఫ్టు విప్పినప్పుడు తలుపు మీద బోర్డు పెడతావా, పెట్టవా?”

“పెట్టకపోతే జనం గుంటలో పడతారు.”

“మరి?”

అతను తుడిచిన గిన్నె బోర్లించాడు. “అది సరే. ఆదివారం భోజనానికి రమ్మంది వదిన. ఏం చెప్పను?”

“వస్తున్నామని చెప్పు. నేనేం అలగలేదు. ఒప్పుకోలేదు, అంతే.”

ఆ ఒప్పుకోకపోవడానికి ఖరీదు చెల్లించాల్సి వచ్చింది. ఉమ్మడి వెతుకులాట మొదలయ్యాక గ్రంథాలయం ఫైళ్లు చూసేవాళ్లు సగానికి సగం తగ్గారు. నీ మంకుపట్టుతో మన కొంప ముంచావన్నాడు పైఅధికారి. ఆమె మాత్రం తన నియమాన్ని సైటు మొదటి పేజీలోనే పెట్టింది.

దానికి అసలు పరీక్ష ఒక బస్సు డ్రైవర్ రూపంలో వచ్చింది. అనాథాశ్రమం పిల్లల ఫొటో ఒకటుంది. గుండుతో, ఒంటిమీద తనది కాని చొక్కాతో ఉన్న పిల్లవాడు తనేనన్నాడు. కింద పేరు కూడా ఉంది. “నేనక్కడ పెరిగానని మా ఆవిడకి కూడా తెలీదండీ. అంతా తీసేయండి, గుర్తు కూడా ఉండకూడదు.”

బావగారి మాట ఆమె చెవిలో జోరీగలా మోగింది. ఫొటో అతని ఎదుటే తీసేసింది. పిల్లల పేర్లన్నీ చెరిపేసింది. ఆశ్రమం పేరు ఉంచి, కింద ఒక వాక్యం రాసి తెర అతని వైపు తిప్పింది: ‘ఫొటోలోని ఒక వ్యక్తి కోరిక మీద తొలగించాం.’

“ఈ ముక్క మాత్రం దేనికి?” అన్నాడతను కోపంగా.

“ఆ వరసలో ఇంకా పిల్లలున్నారు కదండీ. వాళ్లలో ఎవరైనా వెతుక్కుంటూ వస్తే, ఏమీ లేదని నేను అబద్ధం చెప్పలేను. మీ పేరు చచ్చినా చెప్పను. ఈ వాక్యం తీయమంటే మాత్రం తీయను.”

అతను తెర మీది వాక్యాన్ని వేలు పెట్టి చదువుకున్నాడు. “నా పక్కన నిలబడినవాడు నా దుప్పట్లోనే పడుకునేవాడు” అన్నాడు. “వస్తే వాడే వస్తాడు. ఉండనివ్వండి.”

అతను వెళ్లాక కామాక్క తన నియమాన్ని సరిచేసింది. మనిషి అడిగి తీయిస్తే పేరు రాయకూడదు. ఆఫీసు అడిగి తీయిస్తే రాసి తీరాలి. దాన్ని మిగతా ఏడు చోట్లకీ పంపింది, బావగారితో సహా.

మొదట రేడియో ఆయన ఫోన్ చేశాడు. ఒక నాటకం తీసేశాక, అందులో వేషం వేసిన ముసలాయన రోజూ వచ్చి అడుగుతున్నాడట. “లేదు లేదు అని చెప్పలేక చస్తున్నాను. నీ వాక్యం నేనూ పెడుతున్నా.” తరువాత పాత పటాల ఆర్కైవ్ వాళ్లు పెట్టారు. ఈలోగా దర్జీ ఆవిడ విషయంలో, కామాక్క వాంగ్మూలం ఉండడంతో రోడ్ల శాఖ వాళ్లకి తమ దగ్గరున్న కాపీ బయటికి తీసి వినక తప్పలేదు. ఆమెకి కొట్టింకా చేతికి రాలేదు గానీ, కలగన్నావని మళ్లీ ఎవరూ అనలేదు.

నియమావళి మీద సమీక్షా సమావేశానికి కామాక్కను కూడా పిలిచారు. బావగారు ఆమె ముందుకి కాగితం జరిపాడు. ‘వీలుంటే తొలగింపు కారణం తెలపవచ్చు.’

“నీ మాటే పెట్టాను. ఇక సంతకం పెట్టు తల్లీ.”

“వీలుంటే అంటే వీలు కాదనేవాడికి మనమే తలుపు తీసిపెట్టడం. ‘తప్పక’ అని రాయండి, ఇప్పుడే పెడతాను.”

“నేను మా పైవాళ్లకి జవాబు చెప్పుకోవాలి. నా సంగతి కూడా ఆలోచించు.”

“ఆలోచించాను. తీయమన్నవాళ్ల పేరు రాస్తే, ఈసారి తీయమని అడిగేముందు వాళ్లే ఆలోచిస్తారు. మీకే తేలిక.”

రేడియో ఆయన గొంతు సవరించుకుని, ‘తప్పక’ అని లేకపోతే తన సంతకం వెనక్కి తీసుకుంటానన్నాడు. పటాల ఆవిడ కూడా అదే అంది. ఇంతవరకూ నోరు విప్పని ఇంకొకాయన మెల్లగా చెయ్యెత్తాడు. ఇటు నలుగురు, అటు నలుగురు.

బావగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఇవాళ తేలేలా లేదు. వచ్చే నెల మళ్లీ కూర్చుందాం.”

“కూర్చుందాం బావగారూ” అంది కామాక్క. “ఎన్ని నెలలైనా కూర్చుంటాను.”