సాయిదుర్గ ఎడమ కాలు

రోజూ పొద్దున్న ఐదున్నరకి సాయిదుర్గ చేపల వేలం షెడ్డు గచ్చు మీద పదకొండు అడుగులు వేసేది. గోనెపట్టా మీద రెండు కాళ్లూ తుడుచుకుని, చెప్పుల్లేకుండా, ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా. వెనకే పాలెం పెద్ద ఆనందరావు నడుం వంచి, గచ్చుని చూసుకుంటూ నడిచేవాడు. పిల్ల కుడి పాదం ఎప్పుడూ పొడే. ఎడమ పాదం కూడా పొడిగా ఉంటే "ఎక్కించండ్రా" అనేవాడు, వేటకెళ్లే బోట్లలోకి ఐసు ఎక్కేది. ఎడమ పాదం తడి ముద్ర వేస్తే ఏమీ అనేవాడు కాదు. ఐసు బండి వచ్చిన దారినే వెనక్కి పోయేది.

మడమ మేరకే తడి పడితే అల్పపీడనం. పాదం సగం పడితే వాయుగుండం. ఐదు వేళ్లూ పడితే తుఫాను. బందరు పోర్టులో హెచ్చరిక జెండా ఎగిరేసరికి పాలెంలో బోట్లకి తాళ్లు కట్టేసి మగవాళ్లు పేకాటలో కూర్చునేవాళ్లు.

పదకొండో నెలలో ఆ పిల్ల మొదటిసారి లేచి పదకొండు అడుగులు వేసి కూలబడింది. ఎడమ పాదం పడ్డచోటల్లా ఉప్పునీరు. రెండు రోజులకి తుఫాను వచ్చింది. అప్పటినుంచీ అంతే. డాక్టరుకి చూపించలేదు, అది జబ్బు కాదు కాబట్టి. గుడి కట్టలేదు, ఎవరికీ తీరిక లేదు కాబట్టి. దివిసీమ ఉప్పెన నాటికి పాలెంలో అలాంటి కాలు లేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు గనక దాని మీద ఎవరూ పరాచికాలాడరు.

దానికి రెండు కట్టుబాట్లు ఉండేవి. వేట నుంచి వచ్చిన ప్రతి బోటూ ఒక చేప ఆ ఇంటికి ఇవ్వాలి, దాన్ని పాదం కూర అనేవాళ్లు. కాలు తడైతే మాత్రం, మళ్లీ ఆరేదాకా పిల్ల పాలెం దాటకూడదు.

పాదం కూరలో తినగా మిగిలింది పిల్ల తల్లి నాంచారమ్మ ఎండబెట్టేది. బుట్టకెత్తుకుని బస్సెక్కి గుడివాడ, ముదినేపల్లి, బంటుమిల్లి తిరిగేది. ఎండుచేపల వాసనకి పక్క సీట్లో ఎవరూ కూర్చోరు, ఆమె కాళ్లు చాపుకునేది. వారానికి నాలుగు రోజులు పాలెం మొహం చూడకపోవడం దేవుడు తనకిచ్చిన సెలవని ఆమె అభిప్రాయం. ఆమె మొగుడు ఎల్లయ్య బోటు మీద వేటకి వెళ్లేవాడు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా సముద్రంలో ఉన్నట్టే ఉండేవాడు.

సాయిదుర్గ ఎనిమిదో తరగతిలో ఉండగా హైస్కూలుకి ఝాన్సీ అని ఆటల టీచరు వచ్చింది. పమిడిముక్కల మనిషి. పిల్లల చేతికి ఫుట్‌బాల్ ఇచ్చి, ప్రార్థన చేసి, ఈల ఊదింది. ఏడాది తిరిగేసరికి సాయిదుర్గ ఎడమ కాలితో కొట్టిన బంతికి అడ్డం నిలబడే గోల్‌కీపరు ఆ చుట్టుపక్కల లేకుండా పోయింది.

కూతురి ఆట చూడటానికి నాంచారమ్మ బుట్టతోనే వెళ్లేది. పట్నం స్కూళ్ల పిల్లల తల్లిదండ్రులు గొడుగులేసుకుని, నీళ్లసీసాలు పట్టుకుని, "పాస్ ఇవ్వు, పాస్ ఇవ్వు" అని గొంతు చించుకునేవాళ్లు. వాళ్లలో ఒక్కడూ జీవితంలో బంతిని తన్నినట్టు కనబడేవాడు కాదు. పిల్లలు ఓడిపోతే కారెక్కే దాకా తిట్టేవాళ్లు, గెలిస్తే తామే గెలిచినట్టు ఫొటోలు దిగేవాళ్లు. కన్నవాళ్లు గీతకి ఇవతలే నిలబడాలని ఆ ఆటలో ఒక రూలుంది. మిగతా రూల్సేవీ నాంచారమ్మకి బోధపడలేదు గానీ, ఇది మాత్రం ఇళ్లలో కూడా పెడితే బాగుండుననిపించింది.

ఆదివారాలు తల్లీకూతుళ్లు ఫోన్లో పెద్దవాళ్ల మ్యాచులు చూసేవాళ్లు. ఒకసారి ఒక ఆటగాడు మోకాలు పట్టుకుని గడ్డి మీద పొర్లుతున్నాడు.

"ఇతనికేమైందే?"

"తగిలిందమ్మా."

"ఎక్కడ?"

"తగల్లేదులే. ఫౌల్ ఇస్తారని పడ్డాడు."

"మీ నాన్నకి వల చుట్టే వించిలో వేలు నలిగితే వల మొత్తం పైకి లాగి, ఆ తర్వాత అరిచాడు. ఇతన్ని బోటెక్కిస్తే మొదటి అలకే పడుకుంటాడు."

"ఆయనకి ఎంతిస్తారో తెలుసా నీకు?"

"పడుకోడానికా?"

సాయిదుర్గ నవ్వింది. తెరమీద వాన మొదలైంది. ఆట ఆగలేదు. ఇరవైరెండు మందీ తడిసిన కాళ్లతో పరిగెడుతూనే ఉన్నారు.

"వానలోనూ ఆడతారా?"

"ఆడతారు. పిడుగులు పడితేనే ఆపుతారు."

నాంచారమ్మ చాలాసేపు చూసింది. అన్ని కాళ్లున్నాయి. ఏ కాలి వెనకా ఎవరూ నడుం వంచుకుని నడవడం లేదు.

ఆ ఏడు కార్తీకంలో బెంగళూరు నుంచి ఒక క్లబ్బువాళ్లు గుడివాడ వస్తున్నారని కబురొచ్చింది. ఎంపికైన ఆడపిల్లల్ని హాస్టల్లో పెట్టి, చదివించి, ఆట నేర్పి, పద్దెనిమిది నిండాక జీతానికి ఆడిస్తారట. ఝాన్సీ కాగితం మీద సంతకం కోసం వచ్చింది. ఎల్లయ్య సంతకం పెట్టి ఆనందరావు వైపు చూశాడు.

"ఆటకి వెళ్లనీండి, ఆశ తీరుద్ది" అన్నాడు ఆనందరావు. "ఎంపికైతే మాత్రం పంపేది లేదు. నాలుగేళ్లు కాలు బెంగళూరులో ఉంటే ఇక్కడ బోట్లు దేన్ని చూసి తియ్యాలి?"

"ఫోన్లో చూసుకోండి మావయ్యా, వాతావరణం చెబుతున్నారుగా" అంది నాంచారమ్మ.

"ఫోను ఒడ్డున ఉండి చెబుద్ది, నాంచారీ. మనం లోపలుంటాం."

అది నిజమే. నిజమైన మాటకి ఎదురు చెప్పడం నాంచారమ్మకి మరీ ఇష్టం గానీ, ఆ రోజు ఊరుకుంది. ఆమె బెంగ వేరే. ముందు నెల ముదినేపల్లి మ్యాచి మధ్యలో ఎక్కడో అల్పపీడనం పుట్టి, బూటులో మడమ జారి, పిల్ల పెనాల్టీ బంతిని ఆకాశంలోకి తన్నింది. గుడివాడలో అలా జరక్కూడదు.

నీటిని లాగేది ఉప్పు. ముప్ఫై ఏళ్లుగా చేపల్ని ఎండబెట్టే మనిషికి ఇంకో విద్య ఎందుకు తోస్తుంది? ఆటకి ముందురోజు సాయంత్రం ప్లాస్టిక్ బేసిన్లో రాళ్లుప్పు పోసి, కూతురి ఎడమ కాలు చీలమండ దాకా కూరింది. సావిడాయ చేపల్ని ఊరేసినట్టే, వేళ్ల సందుల్లో కూడా దట్టించింది.

"దురదేస్తందమ్మా."

"బెంగళూరులో గోక్కో. కదలమాక."

పిల్ల అలాగే గోడకి జారబడి నిద్రపోయింది. తెల్లారి కాలు తీస్తే బేసిన్లో ఉప్పు ముద్దైపోయి ఉంది. నాంచారమ్మ చూసింది. చెమటలే అనుకుంది. అనుకోవడానికి వీలుగా ఉంది గనక అనుకుంది.

గచ్చు మీద పదకొండు అడుగులూ పొడిగా పడ్డాయి. "ఎక్కించండ్రా" అన్నాడు ఆనందరావు. ఆరు గంటలకి పదిహేను బోట్లు కాలవ దాటి సముద్రంలోకి వెళ్లాయి. వాటిలో ఎల్లయ్య బోటు ఒకటి. ఆరున్నరకి తల్లీకూతుళ్లు గుడివాడ బస్సెక్కారు.

గ్రౌండులో ఎండ కాస్తోంది. మేఘం లేదు. అరవై మంది పిల్లల్ని జట్లుగా విడగొట్టి ఆడించారు. సెలెక్టర్లు ముగ్గురు కుర్చీల్లో కూర్చుని రాసుకుంటున్నారు. వాళ్లలో పెద్దాయన పేరు భానుప్రకాష్. సాయిదుర్గ వంతు పదిన్నరకి వచ్చింది. మొదటి సగంలో ఎడమ కాలితో రెండు గోల్స్ వేసింది. భానుప్రకాష్ పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు. ఝాన్సీ కళ్లు మూసుకుని పెదాలు కదిపింది.

రెండో సగం మొదలైన కాసేపటికి నాంచారమ్మకి ఒక చప్పుడు వినబడింది. బురద చేలో నడుస్తుంటే వచ్చే చప్పుడు. నేల చూస్తే దుమ్ము. చప్పుడు సాయిదుర్గ ఎడమ బూటులోంచి వస్తోంది. అడుగు వేసినప్పుడల్లా లేసు రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి.

బేసిన్లో ఉప్పు ముద్ద గుర్తొచ్చింది. కాలు రాత్రే చెప్పింది. ఉప్పు దాని నోరు నొక్కింది.

ఇంకా ఇరవై నిమిషాల ఆట ఉంది. అది అయ్యాక కూడా ఫోను చెయ్యొచ్చు. ఇరవై నిమిషాల్లో బోటు ఇంకెంత దూరం పోతుందో నాంచారమ్మకి తెలుసు. పెళ్లయినప్పట్నుంచీ మొగుడు విడమరిచి చెప్పిన సంగతి అదొక్కటే. బంతి అప్పుడే కూతురి కాళ్ల దగ్గరికొచ్చింది. ముందు గోల్‌కీపరు తప్ప ఎవరూ లేరు.

నాంచారమ్మ గీత దాటింది.

"నాంచారమ్మ గారూ, లోపలికి రాకూడదండీ" అని ఝాన్సీ వెనక పడింది.

"బూటు విప్పాలి మేడం గారూ."

ఝాన్సీ బూటు వంక చూసి ఈల ఊదింది. ఆట ఆగింది. గీత అవతల ఎవరో తండ్రి, "ఎవరండీ ఆవిడ, పిల్లల్ని ఆడనివ్వరా" అంటున్నాడు.

"అమ్మా, ఇప్పుడా?" అంది సాయిదుర్గ. ఆ గొంతులో కోపం లేదు, అదే నాంచారమ్మకి కష్టంగా తోచింది.

"ఇప్పుడే. మీ నాన్న లోపలున్నాడు."

పిల్ల కూర్చుని బూటు లాగింది. నాంచారమ్మ దాన్ని తిరగేసింది. చెంబుడు నీళ్లు ఆమె ఎడమ పాదం మీద పడ్డాయి. చల్లగా, ఉప్పగా, సముద్రం లోతులో ఉండే నీళ్లు. వాటితో ఒక రొయ్యపిల్ల జారి దుమ్ములో పడింది. సాయిదుర్గ గ్యాలరీ సిమెంటు మెట్టు మీద నడిచింది. మూడో అడుగుకే ఐదు వేళ్లూ పడ్డాయి.

"మావయ్యా, ఐదు వేళ్లూ పడ్డాయి" అంది నాంచారమ్మ ఫోన్లో.

"పొద్దున పొడిగా ఉందిగదే?" అన్నాడు ఆనందరావు.

"ఉప్పులో పెట్టా."

"దేన్ని?"

"కాలిని. రాత్రంతా. నీళ్లన్నీ ఉప్పే తాగేసింది."

తగిన తిట్టు ఆయనకి దొరకలేదు. "తర్వాత తిడతాలే" అని వైర్‌లెస్ సెట్టు దగ్గరికి పరిగెత్తాడు.

నానిపోయిన బూటు మళ్లీ ఎక్కలేదు. సాయిదుర్గ ఎడమ కాలు బోసిగానే ఆటలోకి వెళ్లింది. భానుప్రకాష్ ఝాన్సీని పిలిచాడు.

"ఆ అమ్మాయికి ఎడమ బూటేదండీ?"

"తుఫాను వస్తోందండి."

ఆయన ఆకాశం వంక చూశాడు. గ్రౌండులో వరసగా పడుతున్న తడి ముద్రలు చూశాడు. "సాయంత్రం రైలు ఉంటుందంటారా?"

"ఐదు లోపైతే ఉంటుందండి."

ఆయన గడియారం చూసుకుని మళ్లీ ఆట చూశాడు. మిగిలిన పావుగంటలో సాయిదుర్గ ఒక్క గోలూ వేయలేదు. ఒక పొడుగాటి పిల్ల బూటు మేకులతో ఆ బోసి కాలి మీద తొక్కింది. సాయిదుర్గ ఆగలేదు, పొర్లలేదు, బంతిని పక్క పిల్లకి అందించి, ఆ తర్వాత కాలు చూసుకుంది. భానుప్రకాష్ ఆమె పేరు కింద గీత గీశాడు.

సాయంత్రానికి పద్నాలుగు బోట్లు వచ్చాయి. పదిహేనోది ఎల్లయ్యది. నీళ్లలో ఉన్న వల లాగడానికి టైము లేక తెగ్గోసి వదిలేసి, చీకటి పడే వేళకి వచ్చారు. ఎల్లయ్య గట్టు ఎక్కి, కూతురి కట్టు కట్టిన కాలు చూసి, "ఎంపికయ్యావా?" అన్నాడు. ఆ వారానికి అదే పెద్ద మాట.

"అయ్యాను నాన్నా."

ఎల్లయ్య ఆనందరావు వైపు చూశాడు. ఆనందరావు సముద్రం వైపు చూశాడు.

మర్నాడు పాలెం అంతా తుఫాను షెల్టర్లో ఉంది. బయట గాలికి కొబ్బరిచెట్లు నేలకి వంగి లేస్తున్నాయి. తీవ్రత ఎంతుందో, ఎప్పటికి తగ్గుద్దో తెలియాలని ఆనందరావు లోపలి హాల్లో చాపలు తీయించి, పొడి గచ్చు మీద సాయిదుర్గని నడవమన్నాడు. పిల్ల కట్టు విప్పి నడిచింది. పదకొండు అడుగులు. పొడి. మళ్లీ నడిపించాడు. మళ్లీ పొడే. బయట షెల్టరు రేకు ఒకటి ఊడి ఎగిరిపోయింది.

అదే సమయానికి నాంచారమ్మ టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని, మెట్ల దగ్గర గోనెపట్టా మీద కాళ్లు తుడుచుకుని, హాలు ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చింది. ఆమె వెనక గచ్చు మీద ఎడమ పాదం ముద్రలు పడ్డాయి. మడమ, పాదం, ఐదు వేళ్లూ. కుడి పాదం పొడి.

ఆనందరావు కళ్లజోడు తీసి, తుడిచి పెట్టుకుని, వంగి చూశాడు. టీ తీసుకున్నాడు.

"పిల్లని ఎప్పటికి రమ్మన్నారు?"

"ఒకటో తారీకుకి."

"పంపించు మరి." ఒక గుక్క తాగాక అన్నాడు, "నువ్వు మాత్రం పాలెం దాటమాక."

నాంచారమ్మ పళ్లెం కింద పెట్టి తన కాలు చూసుకుంది. తర్వాత కూతుర్ని చూసింది. సాయిదుర్గ తన ఎడమ పాదాన్ని గచ్చుకేసి రుద్ది, పైకెత్తి, మళ్లీ రుద్ది చూసుకుంటోంది.

తుఫాను దివిసీమ వైపు తీరం దాటింది. పాలెంలో మనుషులంతా ఉన్నారు, పైకప్పులు సగమే ఉన్నాయి. ఒకటో తారీకుకి ఝాన్సీ సాయిదుర్గని బెంగళూరు రైల్లో తీసుకెళ్లింది. ఆ రోజు నాంచారమ్మ మడమ తడిగా ఉంది. కట్టుబాటు కట్టుబాటే గనక స్టేషన్‌కి వెళ్లలేదు, పాలెం చివర దాకా వెళ్లి ఆగిపోయింది.

ఎండుచేపల బుట్ట ఇప్పుడు తోడికోడలు సుమతి మోస్తోంది. ఏదో ఒక సీజన్లో వారాల తరబడి కాలు ఆరదు, వాడుకగా కొనేవాళ్లు పోతారు. బస్సులో కాళ్లు చాపుకుని కూర్చోవడం గురించి నాంచారమ్మ సుమతికి రెండు ముక్కలు చెప్పి ఊరుకుంది. ఆనందరావు తర్వాత తిడతానన్న తిట్టు ఇంతవరకు తిట్టలేదు. పొద్దున్నే వేలం షెడ్డులో గోనెపట్టా పరిచి, "రా నాంచారమ్మా, నడువమ్మా" అంటాడు.

మొన్న కూతురు ఫోను చేసింది.

"అమ్మా, రేపు మ్యాచి. మొదటిసారి మొదట్నుంచీ ఆడిస్తారంట. ఇక్కడంతా మబ్బేసింది. వాన పడుద్దా?"

గచ్చు మీద పొద్దుటి అడుగులు ఇంకా పూర్తిగా ఆరలేదు. నాంచారమ్మ కాలు గోనెపట్టా మీద పెట్టుకుంది.

"అక్కడి సంగతి నాకేం తెలుసుద్దే, నా కాలు బందరుది. పడితే తడిసి ఆడు."