గోడవైపు తిప్పిన డ్రమ్ము

మొగిలయ్య కొత్త డ్రమ్మును రెండు చేతులా పట్టుకుని, అడుగు అంచు మీద దొర్లిస్తూ, బొమ్మలున్న వైపును గోడకు తిప్పాడు. డ్రమ్ము వచ్చినప్పుడల్లా అదే మొదటి పని. తర్వాత మూత తీసి, కొత్తగా పనిలో చేరిన కళ్యాణికి కొలత డబ్బా అందించాడు. నల్లరంగు పొడి పొగలా లేచింది. కళ్యాణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

సిరిసిల్లలోని ఆ అద్దకం షెడ్డుకు ఆయన మేస్త్రీ. తండ్రి చేతిమగ్గం నేసేవాడు. మగ్గం మూలపడ్డాక కొడుకు నూలుకు రంగులద్దే పనిలో చేరి అక్కడే ముసలివాడయ్యాడు. గోళ్ల చుట్టూ పట్టిన నలుపు ఏ సబ్బుకూ పోలేదు. పెళ్లిళ్లలో బంతిన కూర్చుంటే ఎడమచేతిని మోకాలి కింద దాచుకునేవాడు.

ఇప్పుడు కళ్యాణి నిలబడ్డ చోట మొన్నటిదాకా దేవవ్వ ఉండేది. చందుర్తి నుంచి కూలికి వచ్చిన మనిషి. ఒళ్లు బక్కపలచన, గొంతు మాత్రం బాయిలర్ మోతను దాటేది. దగ్గు మొదలైన కొత్తలో ఆమె అడిగింది.

"అన్నా, గీ పొడితోనేనా?"

"దుమ్ము చెల్లె. ఇంత బెల్లం ముక్క తిను, దిగుతది."

దేవవ్వ నమ్మింది. రోజూ బెల్లం కొంగున కట్టుకొచ్చి, ఆయనకూ ఒక ముక్క పెట్టేది. అది చప్పరిస్తున్నంతసేపూ మొగిలయ్య డ్రమ్ము వంక చూసేవాడు కాదు.

రంగుల కంపెనీ మనిషి ఒకసారి వచ్చి, డ్రమ్ము మీది బొమ్మను వేలితో చూపించాడు. మనిషి ఆకారం, ఛాతీలో ఏదో పగిలినట్టు తెల్లటి నక్షత్రం గుర్తు. "ఈ పొడి పీలిస్తే కొందరికి ఊపిరి పట్టేస్తుంది. మాస్కులివ్వండి. పనివాళ్లకు చెప్పండి" అన్నాడు. అతను వెళ్లాక సేటు రాజనర్సు మొగిలయ్యను పిలిచాడు. "గా బొమ్మ ఆడోళ్లు సూస్తె రేపు ఒక్కలు రారు. గోడకు తిప్పు." సేటు చెప్పింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే మొగిలయ్య తిప్పుతూ వచ్చాడు.

మొన్న దేవవ్వ ఊపిరందక షెడ్డులోనే కూలబడింది. ఆటోలోకి ఎత్తి పంపారు. కోరుట్లలో ఉండే బిడ్డ స్రవంతి వచ్చి, జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో చేర్పించింది.

మధ్యాహ్నం మొగిలయ్య సద్ది విప్పుతుండగా ఫోన్ మోగింది.

"మామా, నేను స్రవంతిని. అమ్మ ఏం పొడి కలిపేదో పేరు గావాల్నట. డాక్టర్ సారు అడుగుతుండు. డబ్బ మీద రాసుంటదట గద?"

మొగిలయ్య తలెత్తాడు. సేటు గది తలుపు తెరిచే ఉంది.

"నాకేం ఎర్క బిడ్డా. అంత ఇంగ్లీషుల ఉంటది."

"ఒక్కసారి సూడు మామా."

"సూస్త తియ్యి."

కలిపిన ముద్ద నోట్లోకి పోలేదు. సేటు ఇంటికి పోయాక చెప్పవచ్చులే అనుకున్నాడు. ఒక్క పూటకు ఏమవుతుంది అని కూడా అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా కళ్యాణి దగ్గింది. చిన్న దగ్గే.

"కాకా, గొంతుల గరగర అంటుంది. గిది దుమ్మేనా?"

ఆయన నోట బెల్లం మాట రాలేదు. డ్రమ్మును పట్టుకుని ఇటు తిప్పాడు.

"దుమ్ము గాదు. గీ బొమ్మ సూడు. దేవవ్వకు అయింది గిదే. పొడి పేరు గూడ పడేటట్టు నీ ఫోన్ల ఫోటో తియ్యి. స్రవంతికి పంపాలె."

కళ్యాణి బొమ్మను చూసింది, ఆయనను చూసింది. ఫోటో తీసి, ఆయన ఫోన్‌లో స్రవంతి నంబరు చూసుకుని పంపింది. రాజనర్సు గది గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంది మొగిలీ?"

"డాక్టరుకు గావాల్నట సేటు. పంపినం."

రాజనర్సు ఒక అడుగు ముందుకు వేశాడు. పనివాళ్లంతా తనవైపే చూస్తున్నారని గమనించి లోపలికి పోయాడు.

కాసేపటికి స్రవంతి ఫోన్ చేసింది. ఏడుపు లేదు.

"అమ్మ పోయింది మామా. జరసేపైతుంది." ఆ వెంటనే అడిగింది. "పగటీలి నేనడిగినప్పుడు నీకు ఎర్కేనా?"

"ఎర్కే బిడ్డా. ఎప్పటినుంచో ఎర్కే."

ఆమె ఫోన్ పెట్టేయలేదు. అది దానంతటది తెగిపోయేదాకా మొగిలయ్య చెవి దగ్గరే పట్టుకున్నాడు.

అందరూ వెళ్లాక ఆయన షెడ్డు తలుపు మూయబోయి ఆగాడు. ఆటోలోకి ఎత్తిన హడావిడిలో కాళ్ల నుంచి జారిన దేవవ్వ చెప్పులు గడప పక్కన పడి ఉన్నాయి. నలుపు పట్టిన ఆ అట్టల మీద, పాదం ఆనిన మేర మాత్రం తెల్లగా మిగిలి ఉంది.