కిటికీలో ఈల

మా ఇంటి వెనక బస్సుల షెడ్డు. తెల్లారిందంటే ఇంజన్ల మోతే. నేనూ మా ఆవిడా అరిచి మాట్లాడుకునేవాళ్ళం. రానురాను నేను అరవడం మానేశాను. బెల్లం కొట్టిన రాయి అని ఆవిడ పేరు పెట్టింది.

మా తమ్ముడి కూతురికి పాత ఇళ్ళు బాగుచేసే కంపెనీలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. బాగుచేశాక ఇంట్లో వేడెంత తగ్గుతుందో, మోతెంత తగ్గుతుందో ముందే లెక్కకట్టి చెప్పడం దాని పని. మొదటి లెక్క మా ఇంటిదే.

"పెదనాన్నా, చీమ నడిచినా వినపడాలి. లెక్క తప్పిందో, మా పై ఆయన నన్ను ఇంటికి పంపించేస్తాడు" అంది.

"ఈ కిటికీలు చేసింది మీ పెదనాన్నే. వాటి వంకరలు నీ లెక్కలో కలిపావా తల్లీ?" అంది మా ఆవిడ.

వడ్రంగిని. ఆ మాట గుచ్చుకుంది.

నా కిటికీలు పీకేసి రెండేసి అద్దాలవి పెట్టారు. గోడలకి దళసరి పలకలు కొట్టారు. పనివాళ్ళు వెళ్ళాక తలుపు మూశాను.

మోత లేదు.

చెవులు పోయాయనుకున్నాను. చిటికె వేసి చూసుకున్నాను. వినపడింది. అద్దంలోంచి బస్సులు తిరుగుతూ కనపడుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. 

అప్పుడు వినపడింది ఈల. సన్నగా వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. ఎక్కడో సందుంది, గాలి దూరుతోంది. సాయంత్రం పిల్ల మోత కొలిచే మీటరు పట్టుకుని వస్తుంది. దాని నోటి దగ్గర కూడు పోతుంది.

కొవ్వొత్తి వెలిగించి కిటికీల చుట్టూ తిప్పాను. మంట కదల్లేదు. తలుపు కింద పెట్టాను. కదల్లేదు.

"ఏం పోగొట్టుకున్నావయ్యా?" బట్టలు మడతపెడుతూ అడిగింది మా ఆవిడ.

ఆవిడ మాట్లాడుతుంటే ఈల ఆగింది. మాట అయిపోగానే మొదలైంది.

మైనం కారి వేలు కాలింది. తెలీలేదు.

"ఊపిరి బిగబట్టు" అన్నాను.

"ఇప్పుడేం సరసం?" నవ్వుతూనే బిగబట్టింది. ఇల్లంతా నిశ్శబ్దం. వదిలింది. ఈల. మొహంలో నవ్వు పోయింది.

"నాదా?" అంది. "ఎప్పట్నించి?"

ఎవరికి తెలుసు? మోత కింద ఇద్దరికీ వినపడలేదు.

పిల్ల వచ్చింది. మీటరు చూసి ఎగిరి గంతేసింది. "అచ్చుగుద్దినట్టు వచ్చింది పెదనాన్నా!" అంతలోనే చెవి రిక్కించింది. "ఉండు, ఏదో ఈల. సందుందా?" కిటికీ వైపు నడిచింది.

"కిటికీ కాదమ్మా. మీ పెద్దమ్మ."

అది మీటరు కిందపెట్టి, పెద్దమ్మ దగ్గరికి వచ్చింది.

"బండి పిలువు. ఆస్పత్రికి" అన్నాను.

"అబ్బో, రాయికి మాటలొచ్చాయే..." చెప్పుల కోసం వంగుతూ అంది మా ఆవిడ. ఇంకా ఏదో అనబోయింది. ఊపిరి అందలేదు. అదీ వినపడింది.