ప్రభువు డబ్బా

దీనమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరింది. ఏరడం అయ్యాక కుడి చెయ్యి తనంతట తానే పిడికెడు బియ్యం పట్టుకుని, మంచం తలాపున ఉన్న పాలపొడి డబ్బా వైపు పోయింది. సగంలో ఆగింది. పిడికిలి విప్పి ఆ బియ్యాన్ని మళ్ళీ చేటలోనే పోసేసుకుంది.

ముప్పయ్యేళ్ళ అలవాటు మరి. ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం ప్రభువు డబ్బాలో వేసి, "తండ్రీ, మా ఇంటిని మరవొద్దు" అనుకోవడం. ఆదివారం దాన్ని చర్చికి తీసుకుపోయి కానుకల గంపలో కుమ్మరించడం. కోడుమూరులో వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. పెళ్ళయి ఆదోని వచ్చాక, మొగుడు మాదన్న ఏ దేవుడి గడపా తొక్కని మనిషైనా, "మీ దేవునికి ఆకలి జాస్తి" అని రోజూ ఎగతాళి చేసినా మానలేదు. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయినప్పుడు ఏడుస్తూనే వేసింది.

మూడు వారాల కిందట మానేసింది. కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు మాదన్నను చూసి, "ఊపిరితిత్తులు అయిపోయినాయమ్మా. ఇంటికి తీసుకుపోయి దగ్గరుండి చూసుకో" అన్నాడు. ఆ ఆదివారం డబ్బా చర్చిలో కుమ్మరించి, ఖాళీది తెచ్చి మూతపెట్టి తలాపున పడేసింది. మళ్ళీ ముట్టలేదు. తెల్లవారుజామున మోకాళ్ళ మీద కూర్చోవడమూ పోయింది. కూర్చుంటే మాట రావడం లేదు. ఏడాదిగా అడిగి అడిగి నోరెండిపోయింది. నీళ్ళు లేని బోరింగు కొట్టినట్టు, చేతులు నొప్పి పుట్టడమే తప్ప చుక్క రాలేదు.

"ఈపొద్దు గూడా ఎయ్యలేదేమే?" మంచం మీద నుంచి మాదన్న అడిగాడు. మాటకో దగ్గు.

"ఏసి ఏసి ఏమొచ్చినాది? నీకు ఊపిరొచ్చినాదా?"

"నాకు నీ దేవుడు తెల్దు. నువ్వు పొద్దున్నే గొణుగుతాంటే ఇనేది మాత్రం అలవాటైపోయినాది. ఇప్పుడు ఇల్లు బోసిగుండాది."

"ఆహా! ముప్పయ్యేండ్లు ఎగతాళి సేసి, ఇప్పుడు బోసిపోయినాదంట!"

మార్కెట్ యార్డులో పత్తి మూటలు వీపున వేసుకుని పరుగెత్తిన హమాలీ అతను. ఇప్పుడు నీళ్ళ గ్లాసు ఎత్తడానికీ ఆమె చెయ్యే కావాలి. దీనమ్మ నాలుగు చెంచాల గంజి తాగించి, మూతి తుడిచింది. ఎలుకల భయానికి మంచం పట్టెకు ఆనించి పెట్టుకున్న స్టోరు బియ్యం సంచిని తడిమి చూసి, మూతి కట్టింది.

"నెలాఖరు దాకా వచ్చేట్టు ల్యావప్పా. యాడిదో ఎలక పడినాది."

"పెద్ద ఎలకే" అన్నాడు మాదన్న, కళ్ళు మూసుకుని నవ్వుతూ. ఆ నవ్వు కూడా దగ్గులోకే దిగింది.

జిన్నింగు మిల్లులో దీనమ్మది పత్తిలో ఎండాకులు, కాయ డొక్కలు ఏరే పని. మూతికి గుడ్డ కట్టుకున్నా దూది ముక్కులోకి పోతుంది, కనురెప్పల మీద కూర్చుంటుంది. ఇదివరకు ఏరుతూ ఏదో ఒక కీర్తన కూనిరాగం తీసేది. పక్క కుప్ప దగ్గర కూర్చునే జయమ్మకు ఆ పాట లేని లోటు తెలుస్తూనే ఉంది.

"మా ఉరుకుంద ఈరన్నకు ఒక టెంకాయ మొక్కుకోరాదా దీనమ్మా?" అంది.

"మా అయ్యే ఇనకపాయ, మీ అయ్య ఇంటాడా?"

జయమ్మ నవ్వింది. దీనమ్మకు మాత్రం భయమేసింది. ఆ మాటకు ప్రభువు కోపగించుకుంటాడని కాదు. కోపగించుకోవడానికి అక్కడ ఎవరూ లేరేమోనని. లేకపోతే ఇన్నేళ్ళ పిడికిళ్ళు ఎవరికి వేసినట్టు? బిడ్డలు పోయినప్పుడు ఎవరి కాళ్ళ మీద పడి ఏడ్చినట్టు? ఆ పూటంతా ఆమె ఏరిన పత్తిలో సగం చెత్త అలాగే ఉండిపోయింది.

సాయంత్రం అయిదున్నరకు ఇల్లు చేరి, గడప దగ్గర నుంచే, "వచ్చినానప్పా" అంది. రోజూ ఆ మాటకు దగ్గే జవాబు. ఈ రోజు రాలేదు.

మాదన్న తలాపు వైపు ఒత్తిగిలి పడుకున్నాడు. కుడి చెయ్యి మంచం కిందికి వేలాడుతోంది. దీనమ్మ అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. నుదురు తాకింది. చల్లగా ఉంది. మంచం పట్టె పట్టుకుని కింద కూలబడింది.

చాలాసేపటికి, వేలాడుతున్న ఆ చేతిని ఎత్తి గుండెల మీద పెట్టబోయింది. అరచేతికి బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి.

తను పొద్దున కట్టిన సంచి మూతి విప్పి ఉంది. సంచి నుంచి డబ్బా దాకా నేల మీద గింజలు. డబ్బా మూత మంచం కిందికి దొర్లిపోయింది. దీనమ్మ డబ్బాను దగ్గరికి లాక్కుంది. మూడు వారాలుగా తను ఒక్క గింజ వేయని డబ్బా సగానికి పైగా నిండి ఉంది.

"గ్లాసెత్తల్యాకపోతివి గదప్పా..." అంది. "నమ్మకం గూడా ల్యాకపాయ. ఎవురి కోసరం ఏసినావు?"

అప్పుడొచ్చింది ఏడుపు. ఎప్పుడు వంగాయో తెలియదు, మోకాళ్ళు నేలకు ఆనాయి. "తండ్రీ, మా ఇంటిని..." అంది. అక్కడ ఆగింది. మళ్ళీ అంది. మళ్ళీ అక్కడే ఆగింది.

మూత లేని డబ్బాలో, చదునుగా ఉన్న బియ్యం మీద, చివరి పిడికెడు ఒక పక్కకు చిన్న కుప్పగా పడి ఉంది.